సన్న రాపిడి

వెనక చక్రాన్ని ఒక్క తోపు తోసి వదిలి, బావగారు చూపుడువేలి గోటిని సైకిలు చట్రానికి ఆనించారు. చక్రం తిరుగుతోంది. గోటికి ఏమీ అందలేదు. వేలిని కొంచెం కిందికి జరిపి, బ్రేకు ప్యాడ్లను కడుపులో పెట్టుకుని ఉండే క్యాలిపర్ పక్కన మళ్ళీ ఆనించారు. అక్కడ తగిలింది. చీమ నడిచినంత. చక్రం చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా అదే చోట, అదే చీమ.

ఇది చెవితో చెయ్యవలసిన పని. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళేనికి, అంటే డిస్కుకి, బ్రేకు రాస్తుంటే సన్నగా, ఎవరో ఈల వెయ్యబోయి మానుకున్నట్టు ఒక చప్పుడు వస్తుంది. కొట్టు ముందు నుంచి నడిచిపోయేవాళ్ళకి కూడా అది వినబడుతుంది. బావగారికి మాత్రం చాలాకాలంగా వినబడడం లేదు. ముందు ఇంట్లో కెటిల్ ఈల పోయింది. తర్వాత పొద్దున్నే కిటికీ బయట పిట్టలు పోయాయి. ఈ ఏడు పిట్టలు రాలేదేమిటని భార్యని అడగబోయి, ఆవిడ కిటికీ దగ్గర చెవి ఒగ్గి నిలబడి నవ్వుకుంటూ ఉండడం చూసి ఊరుకున్నారు. ఆఖరికి బ్రేకుల రాపిడీ పోయింది. లావు చప్పుళ్ళన్నీ ఉన్నాయి. లారీలున్నాయి, తలుపులున్నాయి, ఎదురుగా నిలబడితే మనుషుల మాటలూ ఉన్నాయి. సన్నవి మాత్రం ఒక్కొక్కటే చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయాయి.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిన మెకానిక్కూ నాలుక చచ్చిన వంటవాడూ ఒకటేనని ఆయనకి తెలుసు. అందుకని గోటికి పని నేర్పుకున్నారు. క్యాలిపర్ వెనక తెల్లకాగితం ముక్క పెట్టి, ప్యాడుకీ డిస్కుకీ మధ్య వెలుగు సందు రెండువైపులా సమంగా ఉందో లేదో కళ్ళు చికిలించి చూడడం నేర్చుకున్నారు. సాయంత్రానికి కళ్ళు మండేవి, మెడ పట్టేసేది. అయినా నెట్టుకొస్తున్నాననే అనుకున్నారు.

క్యాలిపర్‌ని పట్టి ఉంచే రెండు బోల్టులనూ కాస్త వదులు చేశారు. ఎడమచేత్తో బ్రేకు పిడిని గట్టిగా నొక్కి పట్టుకున్నారు. అలా నొక్కితే గొట్టంలోని నూనె తోసుకెళ్ళి ప్యాడ్లు రెండూ డిస్కుని కరుస్తాయి, వాటితోపాటు క్యాలిపర్ తనంతట తానే మధ్యకొచ్చి కూర్చుంటుంది. ఇక పిడి వదలకుండా కుడిచేత్తో ఇటు కొంచెం, అటు కొంచెం బిగించుకుంటూ పోవాలి. ఒకే బోల్టుని ఒకేసారి బిగించేస్తే క్యాలిపర్ దానివెంటే పక్కకి జారుతుంది. పక్కపక్కన కూర్చున్న పిల్లలకి అన్నం తినిపించినట్టు చెరో ముద్దా పెట్టుకుంటూ రావాలి. అయ్యాక పెయింటు పెన్ను తీసి, బోల్టు తల మీంచి క్యాలిపర్ మీదికి ఒక పసుపు గీత గీశారు. తర్వాత బోల్టు రవ్వంత కదిలినా గీత విరిగిపోయి కనబడుతుంది. మామగారి రోజుల నుంచీ ఉన్న అలవాటది. గీత పడిందంటే ఆ బండి బావగారి చేతిలో ముగిసిందని అర్థం.

కొట్టు ఇప్పుడు బావమరిదిది. యాభయ్యో ఏడు దగ్గర పడుతున్నా అతన్ని ఇంటా బయటా బుజ్జి అనే పిలుస్తారు. బుజ్జి "బావా" అని అరవగా అరవగా వీధి మొత్తానికీ ఈయన బావగారైపోయారు. తల్లీ కూతురూ కలిసి వచ్చి ఇద్దరూ "బావగారూ" అనే పిలిచిన సందర్భాలున్నాయి. మొదట్లో మొహమాటపడేవారు. తర్వాత తర్వాత ఎవరైనా సొంతపేరు పెట్టి పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూడడం మొదలుపెట్టారు.

ఈ వారమంతా బుజ్జి కొట్టులో సరిగా లేడు. జ్ఞానదంతం పుచ్చి, దవడ వాచి, ఇంట్లోనే పడుకున్నాడు. "జ్ఞానం లేకుండా ఇన్నాళ్ళు బతికావుగా, పీకించేసుకో" అని బావగారే సలహా చెప్పారు. ఇవాళ పీకుతారు. పొద్దున్న చెంపకి తువ్వాలు కట్టుకుని వచ్చి, షట్టరు ఎత్తి, తాళాలు బల్లమీద పడేసి, ఏదో సైగ చేసి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళగానే నర్సమ్మ ఇటు వచ్చింది.

ఇళ్ళకి వెళ్ళి కదల్లేనివాళ్ళకి కట్లు కట్టి, సూదిమందులు ఇచ్చి వస్తుంది ఆవిడ. సైకిలు తోసుకుంటూ లోపలికి వచ్చి, గుమ్మం దగ్గర బ్రేకు నొక్కి ఆపింది. ఈ వారంలోనే ఈ బండి బాగుచేసి పంపారు. అది తిరిగి వచ్చింది. మళ్ళీ బాగుచేసి పంపారు. మళ్ళీ వచ్చింది.

"బావగారూ, నా సైకిలుకి నోరు పడిపోలేదండీ ఇంకా" అంది ఆవిడ. చక్రాన్ని కాస్త ముందుకీ వెనక్కీ తోసి చూపించింది. "అదిగో. వినబడుతోందా?"

బావగారు తల వంచి, విన్నట్టు కాసేపు ఆగారు. చక్రం నిశ్శబ్దంగా తిరిగింది. "ఆఁ, వినబడుతోంది" అన్నారు.

తను తెల్లవారకముందే బయల్దేరుతుందట. ఒక ముసలాయన, ఈవిడ ఇంకా వీధి మలుపులో ఉండగానే లేచి కూర్చుని, "సూది వస్తోందే" అని భార్యని లేపుతున్నాడట. నిద్రమత్తులో ఉండగా పొడిచేస్తే నొప్పి తెలియకుండా పోయేది, ఇప్పుడా అవకాశం కూడా లేకుండా పోయిందని నవ్వుతూ చెప్పింది. తర్వాత నవ్వు ఆపి, మీదపడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది.

"ఈసారి కూడా తగ్గకపోతే వంతెన అవతల కొట్టులో చూపిస్తానండీ. మీరేం అనుకోకండి."

కోపంగా అని ఉంటే బావుండేది. ఆవిడ మెల్లిగా, చాలాకాలంగా మందు పనిచెయ్యని రోగితో మాట్లాడినట్టు మాట్లాడింది. రేపు కొట్టు తెరిచే వేళకి వస్తానని చెప్పి, ఇవాళ్టికి కొట్టు సైకిలు ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది.

బావగారు బండిని స్టాండుకి ఎక్కించారు. చక్రం తిప్పారు. గోరు ఆనించారు. ఏమీ లేదు. కాగితం పెట్టి చూశారు. రెండువైపులా వెలుగు సమంగానే ఉంది. మళ్ళీ తిప్పారు. వంతెన అవతల కొట్టంటే అక్కడ బుజ్జి ఈడువాళ్ళు ముగ్గురున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఫలానా కొట్టులో ముసలాయనకి రాపిడి కూడా వినబడడం లేదని ఒకసారి అనుకున్నారంటే, ఆ మాట వంతెన దాటి రావడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు ఈ బల్లా, ఈ స్టాండూ, గోడకి వరసగా తగిలించిన ఈ పనిముట్లూ, అన్నీ ఎవరివో అయిపోతాయి. ఆయనకి ఇంకేదీ చేతకాదు. చేతకావాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా.

ఇంతలో బేకరీ అతను పంక్చరుతో వచ్చాడు. బ్రెడ్డు ఇళ్ళకి వెయ్యాలి, తొందరగా చూడమన్నాడు. బావగారు నర్సమ్మ బండిని స్టాండు మీదే వదిలి, అతని సైకిలు తలకిందులు చేసి, వెనక చక్రం విప్పారు. "చక్రం ఊడి ఉండగా బ్రేకు నొక్కకు నాయనా" అని ఎప్పటిలాగే హెచ్చరించారు. డిస్కు లేనప్పుడు నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి మొహాలు ఆనించుకుంటాయి, మళ్ళీ విడదీయడం పెద్ద పని. ముల్లు తీసి, అతుకు వేసి, చక్రం తిరిగి పెడుతూ ఉండగా ఆయన చూపు క్యాలిపర్ మీద పడింది.

పసుపు గీత విరిగి ఉంది.

బోల్టు తలమీద సగం, క్యాలిపర్ మీద సగం. రెండు సగాల మధ్యా గోరంత ఎడం. రెండో బోల్టు చూశారు. అదీ అంతే. ఈ బండి బ్రేకులు సవరించింది తనే, బాగా గుర్తు. అదురుకి వదులైపోయాయేమోనని పానా పెట్టి తిప్పబోయారు. కదల్లేదు, బిర్రుగా ఉన్నాయి. వదులైన బోల్టు తనంతట తాను బిగుసుకోదు.

"ఇది ఇంకెక్కడైనా చూపించావా?" అని బేకరీ అతన్ని అడిగారు.

"ఇంకెక్కడ చూపిస్తాను బావగారూ? మీ చెయ్యి పడ్డాక బంగారంలా ఉంది" అని అతను చక్రంలో గాలి నొక్కి చూసుకుని వెళ్ళిపోయాడు.

బావగారు తలుపు వెనక్కి నడిచారు. బాగుచేసి, ఇంకా ఎవరూ వచ్చి తీసుకెళ్ళని సైకిళ్ళు అక్కడ కొక్కేలకి వేలాడుతున్నాయి. ఒక్కొక్క దాని దగ్గరా ఆగి, వెనక్కి వంగి, ముందుకి వంగి చూశారు. బుజ్జికి పంటినొప్పి రాకముందు చేసినవి విడిగా, వచ్చాక చేసినవి విడిగా చూశారు. ముందు వాటిల్లో చాలావాటి గీతలు విరిగి ఉన్నాయి. ఈ వారం చేసినవాటి గీతలు నిండుగా ఉన్నాయి. నర్సమ్మ బండి మీద గీత, గీసినది గీసినట్టు, చెక్కుచెదరకుండా ఉంది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నువ్వు పద బావా, నేను తాళం వేసొస్తా." ఏడాదికి పైగా ప్రతి సాయంత్రం బుజ్జి అంటున్న మాట అది. అంతకుముందు ఇద్దరూ కలిసే షట్టరు దించి, మలుపుదాకా కలిసే నడిచేవాళ్ళు. పెద్దవాణ్ణయ్యానని తొందరగా పంపిస్తున్నాడు కాబోలనుకుని, బావగారు లోలోపల కొంచెం మురిసిపోయారు కూడా. అది చాలదన్నట్టు, ఇంకొకటి. బుజ్జి భార్య ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఈయన రోజూ పిల్లలు భోంచేశాకే ఇంటికి చేరుతున్నారన్నయ్యా అని చెప్పుకుంటే, అందరి ముందూ బుజ్జిని కూర్చోబెట్టి చివాట్లు పెట్టింది తనే. ఇంటికి తొందరగా పోవడం నేర్చుకోరా, కొట్టు ఎక్కడికీ పారిపోదు అని. బుజ్జి తల దించుకుని అన్నీ విన్నాడు.

కోపం వస్తుందేమోనని ఎదురుచూశారు బావగారు. రాలేదు. ఎంతో దూరం తొక్కుకుంటూ వచ్చాక, వెనకనుంచి ఎవరో సీటు పట్టుకునే ఉన్నారని తెలిసినట్టుంది.

మామగారు ఈ కొట్టు నడిపే రోజుల్లో, మీసం రాని వయసులో ఇక్కడికి పనికొచ్చారాయన. అప్పటి సైకిళ్ళకి ఇనప కడ్డీల బ్రేకులు. తర్వాత తీగలొచ్చాయి. నూనెతో నడిచే ఈ డిస్కు బ్రేకులొచ్చేసరికి ఆయన తల నెరిసింది. అయినా అన్నిటికంటే ఇవే నచ్చాయి. ఇక్కడ వేళ్ళతో నొక్కితే అక్కడ, కంటికి కనబడకుండా, పని జరిగిపోతుంది. మామగారు కొన్నేళ్ళు ఆయన పనితనం చూసి, ఇంకొన్నేళ్ళు గుణం చూసి, కూతుర్నిచ్చారు. చుట్టాలు వేళాకోళం చేసేవాళ్ళు: ఇల్లరికం విన్నాం గానీ, కొట్టరికం ఇప్పుడే చూస్తున్నాం అని. అప్పటికి బుజ్జి బల్లమీద కూర్చుని కాళ్ళూపుకుంటూ ఉండే పసివాడు. వాడి కళ్ళకి తువ్వాలు కట్టి, రెండు చక్రాలు తిప్పి, ఏది రాస్తోందో చెప్పమని ఆడించేవారు బావగారు. మొదట్లో తప్పు చెప్పేవాడు. తర్వాత, చక్రం ఇంకా పూర్తిగా తిరగకముందే చెప్పేసేవాడు. ఆ చెవిని అలా సానబట్టింది తనే.

భోజనం వేళకి భార్య డబ్బా తీసుకుని వచ్చింది. ఎప్పటిలాగే తిన్నగా వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, ఆయన తలెత్తి చూశాకే మాట్లాడింది. "చేతులు కడుక్కోండి, చల్లారిపోతుంది." ఆవిడ చాలాకాలంగా ఇలాగే మాట్లాడుతోందని, వెనకనుంచీ పక్కగదిలోంచీ పిలవడం ఎప్పుడో మానేసిందని, ఆయనకి ఈ నిమిషంలో తట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు.

ఏమిటని ఆవిడ అడగలేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. "కెటిల్ మాడిపోయినప్పుడు. పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు."

"అనలేదే నాతో."

"మీరు దాచుకున్నారు. దాచుకున్నది నేనెందుకు బయటికి తీస్తాను?"

"బుజ్జికి చెప్పావా?"

"నేనేం చెప్పలేదు. వాడికీ చెవులున్నాయిగా." ఆవిడ స్టాండు మీది సైకిలు వైపు చూసింది. "దీని సంగతేమిటి? అన్నం కంటే ముఖ్యమైనట్టుంది మీ మొహం చూస్తే."

బావగారు లేచి నిలబడ్డారు. ఇంతవరకు ఎవర్నీ అడగని సాయం అడగడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. అడిగాక, అడగడం ఇంత తేలికా అనిపించింది. "నేను తిప్పుతాను. నువ్వు విని చెప్పు."

ఆవిడ చెప్పులు విప్పి, గుడికి వచ్చినట్టు బల్ల దగ్గరికి వచ్చింది. నిజానికి ఈ బల్ల దగ్గరికి ఆవిణ్ణి చిన్నప్పుడు రానిచ్చేవాళ్ళు కాదు. అప్పట్లో కాపురం కొట్టు వెనకే. వంటింట్లో కూర్చుని, నాన్న చక్రం తిప్పుతుంటే అది ఏ వీధివాళ్ళ బండో చెప్పేదాన్నని ఆవిడ పెళ్ళయిన కొత్తలో అంటే, బావగారు నమ్మలేదు.

చక్రం తిప్పారు. "ఏం లేదు" అంది. మళ్ళీ తిప్పారు. లేదు. ఆయనకి నర్సమ్మ గుమ్మం దగ్గర బ్రేకు నొక్కి ఆగడం గుర్తొచ్చింది. తిరుగుతున్న చక్రానికి బ్రేకు గట్టిగా వేసి, వదిలి, మళ్ళీ తిప్పారు.

"ఇప్పుడుంది" అంది ఆవిడ వెంటనే. "జల్లెడ పడుతున్నట్టు." చెవి ఇంకా దగ్గరికి పెట్టింది. "ఉంది... సన్నబడింది... ఇదిగో, పోయింది."

ఇంకోసారి నొక్కి వదిలారు. మళ్ళీ జల్లెడ. మళ్ళీ మెల్లగా సన్నబడి పోయింది. బావగారు చక్రం ఆపేశారు. ఆయన మొహంలో అలసట కింద నుంచి ఒక పాత వెలుగు తొంగిచూసింది. డిస్కుకి అటొకటి ఇటొకటి ఉండి ప్యాడ్లని తోసే పిస్టన్లలో ఒకటి బద్ధకిస్తోంది. రమ్మంటే వస్తోంది గానీ, పొమ్మంటే వెంటనే వెనక్కి పోవడం లేదు. బండిని స్టాండు ఎక్కించి, సావకాశంగా గోరు పెట్టి, కాగితం పెట్టి చూసేసరికి అది నిదానంగా తన చోటికి చేరుకుంటోంది. అందుకే ఆయనకి దొరకలేదు. చెవి ఉన్నవాడైతే బండి గుమ్మం దగ్గర ఆగినప్పుడే కనిపెట్టేవాడు.

"పెళ్ళివారింటికి వచ్చిన చుట్టంలాంటిది ఇది. రావడమే గానీ కదలదు" అన్నారు.

"అయితే సాగనంపండి" అంది ఆవిడ.

చక్రం విప్పి, ప్యాడ్లు ఊడదీశారు. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో లోపలంతా తుడిచారు. చురుకైన పిస్టన్ కదలకుండా ప్లాస్టిక్ బద్ద అడ్డం పెట్టి, ఆవిణ్ణి బ్రేకు పిడి మెల్లిగా, చాలా మెల్లిగా నొక్కమన్నారు. పూర్తిగా నొక్కితే పిస్టన్ ఊడి, నూనె చేతిమీద పడుతుంది. ఆవిడ ఊపిరి బిగబట్టి నొక్కింది. బద్ధకపు పిస్టన్ మట్టిపట్టిన అంచుతో కొంచెం బయటికొచ్చింది. తుడిచి, అంచు చుట్టూ ఒక్క చుక్క బ్రేకు నూనె రాసి, బద్దతో లోపలికి నెట్టారు. మళ్ళీ రప్పించి, మళ్ళీ నెట్టారు. అది మొండికేస్తూ, మొండికేస్తూ, ఆఖరికి దారికొచ్చింది.

"మా నాన్న నాకు నేర్పి ఉంటే, మా తమ్ముడికి బదులు కొట్టు నేనే పెట్టేదాన్ని" అంది ఆవిడ, చేతులు తుడుచుకుంటూ.

"పెట్టి ఉంటే నన్ను ఎప్పుడో తీసేసేదానివి."

ఆవిడ నవ్వలేదు. "తీసేసేదాన్ని కాదు" అని, తిరిగి డబ్బా మూత తీసింది.

మధ్యాహ్నమంతా ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. చక్రం ఎక్కించి, క్యాలిపర్ మధ్యకి తెచ్చి, బ్రేకు వేసి వదిలి, వేసి వదిలి, ఆవిడ "లేదు" అన్నప్పుడల్లా ఆయన ఇంకోసారి తిప్పారు. చివరికి ఇక నన్ను నమ్మండి అందావిడ. నమ్మారు. బోల్టుల మీద పసుపు గీత గీయబోయి, పెన్ను మూత పెట్టేశారు.

సాయంత్రం బుజ్జి వచ్చేసరికి ఆవిడ ఇంటికి బయల్దేరుతోంది. తమ్ముడి వాచిన దవడ చూసి, గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి, ఏమీ నమలకు, మాట్లాడకు అని హెచ్చరించి వెళ్ళింది. బుజ్జి నోట్లో దూది కుక్కుకుని ఉన్నాడు. స్టాండు మీద నర్సమ్మ బండి చూడగానే అతని కళ్ళు ముందు బోల్టుల మీదికే వెళ్ళాయి. బావగారు ఆ చూపు పట్టుకున్నారు.

"గీతలు విరగ్గొడుతున్నది నువ్వేనా?" అని అడిగారు.

బుజ్జి నేలచూపులు చూశాడు. తల మాత్రం ఊపాడు.

"అన్నీ మళ్ళీ చూసేవాడివా? రోజూనా?"

మళ్ళీ ఊపాడు. అన్నీ కాదన్నట్టు చెయ్యి అడ్డంగా తిప్పి, తర్వాత అబద్ధం చెప్పలేక ఆ చెయ్యి దించేశాడు.

"ముందే ఒక మాట అనాల్సిందిరా."

బుజ్జి ఏదో అన్నాడు. దూదిలోంచి వచ్చిన ఆ గొణుగుడు బావగారికి అందలేదు. ఒకరికి చెవి లేదు, ఒకరికి నోరు లేదు. ఏమిటన్నట్టు ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టారు, మొదటిసారి, దాచుకోకుండా. బుజ్జి అది చూసి, నోట్లో వేలు పెట్టి దూది తీసేశాడు. దూదికి నెత్తురుంది.

"చెప్తే మానేస్తావని" అన్నాడు.

బావగారు వీధివైపు తిరిగారు. కొట్టు బయట సైకిళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. వాటిలో ఎన్ని రాస్తున్నాయో ఆయనకి తెలియదు.

"నీ సాయంత్రాలన్నీ తినేశాను కదరా" అన్నారు చివరికి. "పైగా ఇంటికి పోవడం లేదని నిన్నే తిట్టాను."

"తిట్టించుకోవడం నాకు అలవాటే బావా" అని బుజ్జి నవ్వబోయి, దవడ పట్టుకున్నాడు.

నర్సమ్మ బండికి ఇంకా కాస్త పని మిగిలే ఉంది. పిస్టన్‌ని అంతసేపు ఆడించడంతో నూనెలోకి గాలి బుడగలు చేరి, పిడి నొక్కితే మెత్తగా లోపలికి దిగిపోతోంది. బావగారు పిడి మీది చిన్న మర విప్పి, తగ్గిన నూనె పోసి, గొట్టం పొడవునా స్క్రూడ్రైవరు పిడితో చిన్నగా తడుతూ బుడగల్ని పైకి రప్పించారు. మిగిలినవి రాత్రంతా నింపాదిగా పైకి చేరుకోవాలంటే పిడి నొక్కిపట్టే ఉండాలి. బల్ల కింద డబ్బాలోంచి పాత ట్యూబు తీసి, ఒక పట్టీ కోసి, బ్రేకు పిడిని హేండిలుకి దగ్గరగా నొక్కి, పట్టీతో గట్టిగా చుట్టి ముడివేశారు. చెయ్యి తీసేశాక కూడా పిడి నొక్కినట్టే ఉండిపోయింది.

"పొద్దున్నే ఆవిడ వస్తుంది" అన్నారు. "పట్టీ తీసి, చక్రం తిప్పి వినిపించి పంపించు."

"నువ్వే వచ్చి తియ్యి" అన్నాడు బుజ్జి.

బావగారు సబ్బుతో చేతులు కడుక్కున్నారు. గోళ్ళ సందుల్లో, చూపుడువేలి గోటి కింద మరీ ఎక్కువగా రుద్దుకున్నారు. ఆప్రాను విప్పి, మడతపెట్టి, కొక్కేనికి తగిలించకుండా చంకలో పెట్టుకున్నారు. బుజ్జి అది చూశాడు. నువ్వు పద బావా, తాళం వేసొస్తా అని ఈసారి అనలేదు. బల్ల మీద తాళాలు తీసుకుని షట్టరు దించి, మలుపుదాకా ఆయనతో కలిసి నడిచాడు. మలుపు దగ్గర బావగారు అతని వాచిన చెంపని వేళ్ళ వెనకవైపుతో ఒకసారి తాకి, ఇంటివైపు తిరిగారు.

మర్నాడు ఆయన వేళకే లేచారు. మొహం కడుక్కుని వచ్చి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బయలుదేరే వేళ వచ్చింది, దాటింది. భార్య కాఫీ ఇచ్చి, డబ్బా సర్దమంటారా అని అడగకుండా తనూ పక్కన కూర్చుంది. కాసేపటికి ఆయన మోచెయ్యి తట్టి, కిటికీ వైపు చూపించి, "పిట్టలు వచ్చాయి" అంది.

తర్వాత కొన్నాళ్ళకి నర్సమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. ఆ పొద్దున్న తను వెళ్ళేసరికి బండి సిద్ధంగానే ఉంది. అయినా బుజ్జి ఇవ్వలేదు. మా బావ వచ్చి ఆ పట్టీ తియ్యాలి, కాసేపు కూర్చోండి అని బల్ల వేశాడు. వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడకి ఆలస్యమైపోతోందని మళ్ళీ మళ్ళీ చెప్పాక, వెనక్కి వచ్చి, పట్టీ తీసి, చక్రం తిప్పి, బ్రేకు వేసి వదిలి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఏమీ లేదు అన్నాడు. ముసలాయనకి ఇప్పుడు సూది ఎప్పుడొస్తుందో తెలియడం లేదని నర్సమ్మ నవ్వింది.

పట్టీని బుజ్జి కొయ్యలేదు, ముడి విప్పనూ లేదు. పిడి కొసదాకా కొంచెం కొంచెంగా జార్చి తీసి స్టాండుకి తగిలించాడు. నొక్కిపట్టడానికి ఏమీ లేని ఆ నల్ల రబ్బరు చుట్టు, ముడి ముడిలాగే, పిడి మందానికి సరిపడా మూసుకున్న గుప్పిటిలా, అక్కడే వేలాడుతూ ఉండిపోయింది.